మా దాదా ఏ దిక్కు నిలబడ్డడు?



పోయిన వారం ఎపిసోడ్‌ను రాతలో పెట్టమని చాలామంది అడిగిన్రు. సైట్‌లోకి ఫోన్ తీసుకుపోనియ్యరని ఒకరు, క్యాంపులో నెట్ రాదని ఒకరు, ఊర్లో ఉన్న నాయనకు చదివి వినిపించాలని ఇంకొకరు. అందుకే రాస్తున్న. మాట్లాడింది మాట్లాడినట్టు కాకుండా కొంచెం సదిరిన. టైం సరిపోక వదిలేసినవి కొన్ని కలిపిన. ఎప్పుడూ మీ ముచ్చట్లు అడిగే నేను ఈసారి మా ఇంటి ముచ్చట చెప్తున్న. అది 1948 ముచ్చట.

పేరు లేని ఖబర్లు

మా అబ్బా రియాద్‌లో నసీం ఖబరస్తాన్‌లో ఉన్నడు. 1983లో ఈ దేశం వచ్చిండు. ఇరవై ఆరేండ్లు వాటర్ ట్యాంకర్ నడిపిండు. 2009లో ఒక తెల్లవారుజామున రూంలోనే గుండె ఆగి పోయిండు. ఊరికి పంపాల్నా, ఇక్కడనే మట్టి చెయ్యాల్నా అని ఫోన్ వస్తే, మా అమ్మ రెండు రోజులు ఏడ్చి, అక్కడనే చెయ్యమని కాగితం మీద సంతకం పెట్టి పంపింది. ఆ కాగితం సంగతి మీలో చాలామందికి తెలుసు. రూంమేట్ కోసం అసుంటి కాగితాలు పట్టుకొని ఆఫీసుల చుట్టూ తిరిగినోళ్ళు మీలోనే ఉన్నరు.

2013లో నేను నర్సుగా రియాద్ వచ్చిన. వచ్చిన నెలకే ఖబరస్తాన్‌కు పోయిన. ఇక్కడ ఆడవాళ్ళను లోపలికి పోనియ్యరు. నేను గేటు బయట కారులో కూసున్న. మా మేనమామ కొడుకు లోపలికి పోయి పావుగంటకు తిరిగొచ్చిండు. సౌదీలో ఖబర్ల మీద పేర్లు రాయరని మీకు తెలిసిందే. మట్టి దిబ్బ, తలకాడ ఒక రాయి, అంతే. రాజుకైనా అంతే, కూలోనికైనా అంతే. "ఏడున్నది?" అని అడిగితే "అటు దిక్కు" అని చెయ్యి చూపించిండు. నేను ఆ దిక్కు చూసి ఫాతిహా చదివిన.

వాపస్ వచ్చేటప్పుడు ఒక సంగతి తట్టింది. అబ్బా కూడా ఆయన తండ్రి ఖబర్ ఎన్నడూ చూడలే. అసలు ఉన్నదో లేదో కూడా తెలవదు. నాకు కనీసం ఒక దిక్కన్నా ఉన్నది. ఆయనకు అది కూడా లేకుండె.

ఇంట్లో చెప్పింది ఇంతే

మాది జహీరాబాద్ పక్కన ఒక ఊరు. ఇప్పుడు సంగారెడ్డి జిల్లా. 1948లో ఆ తాలూకా బీదర్ జిల్లాలో ఉండేది, 1956లో రాష్ట్రాలు మారినప్పుడు మెదక్‌లో కలిపిన్రు. మా ఇంట్లో దక్కనీ, బయట తెలుగు, సంతకు పోతే కన్నడం. నేను పదో తరగతి దాకా చదివింది తెలుగు మీడియంలో.

మా దాదీ, అంటే నాయనమ్మ, మా దాదా గురించి చెప్పింది ఒక్కటే మాట. "పోలీస్ యాక్షన్‌ల పోయిండు." ఎట్ల పోయిండు, ఎవరు చంపిన్రు, ఎక్కడ అని అడిగితే లేచి వంటింట్లకు పోయేది. కరోడ్‌గిరి నాకాలో జవాన్‌గా చేసేటోడని మాత్రం తెలుసు. కరోడ్‌గిరి అంటే నిజాం సర్కారు సుంకాల శాఖ. రోడ్డు మీద చౌకీ పెట్టి, పోయే సరుకు మీద పన్ను తీసుకునేది. దాదా ఫోటో ఒక్కటి లేదు. ఆయన పోయిన ఐదు నెలలకు, 1949 ఫిబ్రవరిలో అబ్బా పుట్టిండు.

ఇంకొకటి కూడా చెప్పాలె. 1982లో అబ్బాకు ఆర్టీసీలో డ్రైవర్ నౌకరి దొరికింది. మా ఇంట్లో అంతకు ముందు ఎవ్వరికీ అంత మంచి నౌకరి రాలేదు. దాదీ వద్దన్నది. "ఖాకీ బట్టలేసుకొని నా గడప తొక్కొద్దు" అన్నది. చుట్టాలు వచ్చి చెప్పినా వినలే. మూడు రోజులు అన్నం ముట్టలే. అబ్బా ఆ నౌకరి వదులుకొని, అప్పు తెచ్చి ఏజెంటుకు కట్టి, మరుసటేడు రియాద్ విమానం ఎక్కిండు. నేను ఆయన వచ్చినంక పుట్టిన. నన్ను మొదటిసారి ఎత్తుకున్నది నాకు రెండేండ్లు నిండినంక.

దాదీకి ఖాకీ అంటే ఎందుకంత గిట్టదు? మేమందరం అనుకున్నది ఒకటే. దాదాను చంపినోళ్ళు ఖాకీ వేసుకున్నోళ్ళు అయ్యుంటరు, ఫౌజో పోలీసో. దాదీ 1998లో పోయింది. ఆ తర్వాత పాతికేండ్లు నేను అదే నమ్మిన.

ఆ నెలల్లో ఏం జరిగింది

ఎపిసోడ్‌లో ఇది తొందరగా చెప్పేసిన. ఇక్కడ కొంచెం నిదానంగా.

1947 ఆగస్టులో దేశానికి స్వతంత్రం వచ్చినప్పుడు హైదరాబాద్ సంస్థానం బయటే ఉండిపోయింది. పదహారు జిల్లాల రాజ్యం అది. తెలుగు జిల్లాలు 8, మరాఠీ జిల్లాలు 5, కన్నడ జిల్లాలు 3. నవంబర్ 29న భారత ప్రభుత్వానికీ నిజాంకూ మధ్య ఏడాది పాటు యథాతథ ఒప్పందం కుదిరింది. కానీ లోపల పరిస్థితి ఉడుకుతూనే ఉంది. తెలంగాణలో దొరల మీద, దేశ్‌ముఖ్‌ల మీద సంఘం నాయకత్వంలో రైతుల సాయుధ పోరాటం నడుస్తోంది. సంస్థానం భారతదేశంలో కలవాలని స్టేట్ కాంగ్రెస్ ఉద్యమం చేస్తోంది. వీటిని అణచడానికి ఖాసిం రజ్వీ నాయకత్వంలో రజాకార్లు ఊళ్ళ మీద పడ్డారు. రజ్వీ లాతూర్‌లో వకీలు, ఇత్తెహాదుల్ ముస్లిమీన్ నాయకుడు.

రజాకార్లు చేసింది చిన్నదేం కాదు. 1948 ఆగస్టు 27న బైరాన్‌పల్లిలో గ్రామస్తులను వరుసగా నిలబెట్టి కాల్చి చంపారు. వాళ్ళను ఎదిరించిన ముస్లింలను కూడా వదల్లేదు. హైదరాబాద్ భారతదేశంలో కలవాలని రాసిన 'ఇమ్రోజ్' పత్రిక సంపాదకుడు షోయబుల్లా ఖాన్‌ను అదే ఆగస్టులో నగరంలో చంపేశారు.

సెప్టెంబర్ 13న భారత సైన్యం లోపలికి వచ్చింది. ముఖ్యమైన దండు షోలాపూర్ నుంచి హైదరాబాద్ రోడ్డు మీద వచ్చింది, ఇవాళ మనం 65వ నంబర్ హైవే అంటున్న రోడ్డే. 16వ తేదీన ఆ దండు జహీరాబాద్ చేరింది. 17న నిజాం లొంగుబాటు ప్రకటించాడు. 18న నిజాం సేనాధిపతి ఎల్ ఎడ్రూస్ మేజర్ జనరల్ చౌధురికి అధికారికంగా లొంగిపోయాడు. అసలు యుద్ధం ఐదు రోజుల్లో అయిపోయింది.

మా ఇంటి కథ ఆ ఐదు రోజుల తర్వాతది. రజాకార్ల మీద ఉన్న కోపం ఊళ్ళలో ఉన్న ముస్లింల మీద తిరిగింది. రజాకార్ ఎవరు, కానోడు ఎవరు అని చూసినోళ్ళు తక్కువ. వార్తలు ఢిల్లీకి చేరి, ప్రభుత్వం ఒక బృందాన్ని పంపింది. పండిట్ సుందర్‌లాల్, ఖాజీ అబ్దుల్ గఫార్, మౌలానా అబ్దుల్లా మిస్రీ. వాళ్ళు 1948 నవంబర్ 29 నుంచి డిసెంబర్ 21 దాకా పదహారు జిల్లాల్లో తొమ్మిది తిరిగారు. పోలీస్ యాక్షన్ సమయంలోనూ ఆ తర్వాతా కలిపి 27 వేల నుంచి 40 వేల మంది చనిపోయారని వాళ్ళ అంచనా. ఎక్కువ దెబ్బ తిన్న నాలుగు జిల్లాలు ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్. బీదర్, అంటే అప్పటి మా జిల్లా.

ఆ నివేదికను ప్రభుత్వం బయటపెట్టలేదు. దశాబ్దాల పాటు అది మామూలు జనానికి అందలేదు. 2013లో ఎ.జి. నూరానీ పుస్తకంలో అచ్చయింది, అదే ఏడాది బీబీసీలో కూడా వచ్చింది. నేను రియాద్ వచ్చిన ఏడాదే అది. నైట్ డ్యూటీ బ్రేక్‌లో ఫోన్‌లో చదివిన. దాంట్లో రెండు సంగతులు మనసులో ఉండిపోయినయి. ఒకటి, రజాకార్లు ఊరికింత అని రొక్కం వేసి వసూలు చేసేవారని, ఇచ్చిన ఊరిని చాలావరకు వదిలేసి, ఇయ్యని ఊరిని దోచుకునేవారని. రెండు, ఒకే పని చేసుకునే వాళ్ళ మధ్య ప్రేమ నిలబడ్డదని, కొన్ని చోట్ల హిందూ నేతగాళ్ళు ప్రాణాలకు తెగించి ముస్లిం నేతగాళ్ళను కాపాడారని. ఈ రెండూ మళ్ళీ నా ముందుకు వస్తాయని అప్పుడు నాకు తెలవదు.

సౌదీ దాకా వచ్చిన నీడ

పోలీస్ యాక్షన్‌కూ మనం ఇక్కడ ఉండడానికీ ఏం సంబంధం అని ఒక తమ్ముడు మెసేజ్ పెట్టిండు. కొంత సంబంధం ఉన్నది. 1948 తర్వాత నిజాం సైన్యం రద్దయింది, 1949లో జాగీర్లు రద్దయినయి, దఫ్తర్లలో ఉర్దూ పోయింది. నౌకరీల మీద బతికిన వేల కుటుంబాలు రోడ్డున పడ్డయి. ఆ తరం పిల్లలు పెద్దయ్యేసరికి, 1973 తర్వాత చమురు ధర పెరిగి గల్ఫ్ దేశాల్లో పనులు తెరుచుకున్నయి. పాతబస్తీ నుంచి మొదటి గుంపులు వచ్చినయి. కరీంనగర్, నిజామాబాద్ అన్నలు వచ్చింది వేరే కారణాలకు, కరువుకూ అప్పులకూ. కానీ విమానం మాత్రం ఒక్కటే.

మక్కాలో ఇంకొక గుర్తు ఉన్నది. నిజాముల కాలంలో హైదరాబాద్ హాజీల కోసం ఏర్పాటైన రుబాత్, అంటే ఉచిత వసతి గృహం. ఈ రోజుకీ అక్కడ ఉండడానికి లాటరీ తీస్తే తెలంగాణ వాళ్ళతో పాటు మరాఠ్వాడా, గుల్బర్గా, బీదర్, రాయచూర్ వైపు వాళ్ళ పేర్లు కూడా ఉంటయి. 1956లో పటం మీద నుంచి పోయిన రాజ్యం మక్కాలో ఒక జాబితాలో బతికి ఉన్నది. ఉమ్రాకు పోయినప్పుడు ఆ సంగతి విని నాకు నవ్వొచ్చింది, కొంచెం ఏడుపు కూడా వచ్చింది.

జుబైల్‌లో తాత

2023 సెప్టెంబర్‌లో పోలీస్ యాక్షన్ మీద ఎపిసోడ్ చేసిన గదా. అది విని జుబైల్ నుంచి ఒక అన్న మెసేజ్ పెట్టిండు. "మాది మీ పక్క ఊరే. మా నాయన ఫ్యామిలీ విజిట్ మీద ఇక్కడికి వస్తున్నడు. అప్పుడు ఆయనకు పదేండ్లు. మాట్లాడుతవా అక్కా?" అని. వాళ్ళు పద్మశాలీలు.

2024 మొదట్లో రెండు రోజులు సెలవు పెట్టి దమ్మాం దాకా రైల్లో పోయిన. అన్న స్టేషన్‌కు వచ్చి కారులో తీసుకుపోయిండు. తాతకు 86 ఏండ్లు. చెవులు కొంచెం మందం, మాట మాత్రం గట్టిగ ఉన్నది. మా ఊరి పేరు, దాదా పని చెప్పిన. కరోడ్‌గిరి నాకా అనంగనే చాయ్ గ్లాసు కింద పెట్టిండు. రికార్డ్ చేసిన దాంట్లో నుంచి ముఖ్యమైన భాగం పెడుతున్న. ఎపిసోడ్‌లో గాలి చప్పుడుకు కొన్ని మాటలు సరిగ్గ వినబడలే.

"ఆ వానకాలంల ఊరి మీద రొక్కం ఏసిన్రు బిడ్డా. మా ఊరు రెండు సార్లు ఇచ్చింది. మూడోసారి ఇయ్యలే. ఒకనాడు పొద్దుగాల ముప్పై మంది దాకా వచ్చిన్రు. కొందరి చేతుల తుపాకులు, కొందరికి బర్చీలు. వాళ్ళ ముందట నాకా జవాన్ నడిచిండు."

"మా దాదానా, తాతా?"

"చెప్పనియ్యి. ఎవని ఇంట్ల పైసలున్నయో ఆయనకు ఎరుకే. మా చీరెలు జహీరాబాద్ సంతకు పోతుంటె లెక్క చూసేది ఆయనే గద. ఇండ్లు చూపించిండు. మాది మూడో ఇల్లు. మా నాయనను కొట్టిన్రు. కుడి చెయ్యి విరిగింది. చెయ్యి విరిగినంక సాలోనికి బతుకేముంటది?"

"ఆయన కొట్టిండా?"

"లేదు. అబద్ధం చెప్పొద్దు. దూరం నిలబడ్డడు. ఖాకీ అంగీ ఏసుకున్నడు. కొత్తది. ఒంటికి పెద్దగుండె. బెదిరిస్తె వచ్చిండో, మనసుతోనే వచ్చిండో నాకేమెరుక? పదేండ్ల పోరన్ని."

నేను ఏమీ మాట్లాడలే. తాత మళ్ళీ మొదలుపెట్టిండు.

"నెల తిరగకముందే కాలం తిరిగింది. ఫౌజు పెద్ద రోడ్డు మీద పోయింది, మా ఊరికి రాలే. వచ్చింది మందే. పక్క ఊర్లోళ్ళు, ఎక్కడెక్కడోళ్ళో. మీ ఊర్ల మొగోళ్ళను బావికాడికి తోలుకపోయిన్రు. నాకా ఆయన కూడ అండ్లనే పోయిండన్నరు. ఆ బావి తర్వాత పూడ్చిన్రు. ఇప్పుడు చెరుకు ఉంటది దాని మీద. ఆ రాత్రి ఇద్దరు ఆడోళ్ళు మా ఇంటికి ఉరికొచ్చిన్రు. మా అమ్మ వాళ్ళను మగ్గం గుంతల కూసోబెట్టి, మీద పాత పడుగు కప్పింది. అందుల ఒకామె కడుపుతోని ఉండె. నాకా ఆయన పెండ్లాం."

"మీ నాయనకు తెల్వదా ఆమె ఎవరో?"

"తెల్వకేమి? చెయ్యికి కట్టు కట్టుకొని గడపల కూసున్నడు. వచ్చినోళ్ళతోని, ఇంట్ల ఎవ్వరు లేరు, నేనూ నా చెయ్యే ఉన్నమన్నడు."

నేను గట్టిగ పట్టుకున్న ఆశ ఒక్కటే. నాకాలో ఒక్కడే జవాన్ ఉండడు గదా, ఇద్దరు ముగ్గురు ఉండి ఉంటరు, ఇది ఇంకెవరి కథనో అయ్యుంటది. అదే మాట తాతను అడిగిన. ఆయన కొద్దిసేపు ఆలోచన చేసిండు. "ఉండొచ్చు. కానీ ఆమె మాకు ప్రతి రంజాన్‌కు సేమ్యాలు పంపేది. సచ్చేదాకా పంపింది. డబ్బా మీద నీలం పువ్వు ఉండె."

నీలం పువ్వు ఉన్న ఆ డబ్బా నాకు తెలుసు. చిన్నప్పుడు ప్రతి పండుగకు దాదీ దాన్ని ముందు నింపి, మూత మీద గుడ్డ కట్టి, ఎవరో పిల్లగాని చేతికి ఇచ్చేది. మేము తినేది ఆ తర్వాతనే. ఎవరికి అని అడిగితే "ఇయ్యాల్సిందోళ్ళకు" అనేది. దాదీని బతికించిన కథ నిజం కావాలంటే, దాదా ఇండ్లు చూపించిన కథ కూడా నిజం కావాలె. ఒకటి ఉంచుకొని ఒకటి వదిలెయ్యడానికి లేదు.

రియాద్‌కు తిరిగొచ్చే రైల్లో ఖాకీ గుర్తొచ్చింది. దాదీ వద్దన్నది చంపినోళ్ళ బట్టలని కాదేమో. చచ్చిపోయినాయన బట్టలని ఏమో. కొడుకు అదే రంగులో గడపలో నిలబడితే చూడలేకపోయిందేమో. ఆ భయానికి అబ్బా ఊర్లో నౌకరి వదులుకున్నడు. ఇక్కడికొచ్చిండు, ఇక్కడనే ఉండిపోయిండు.

జర్మనీలో ఇంకొక బిడ్డ

నాతోటి వార్డులో ఒక జర్మన్ ఆమె పనిచేసేది. ఒక రాత్రి డ్యూటీలో ఇదంతా చెప్పిన. "మా ఇండ్లల్లో కూడా ఇట్లనే" అన్నది. మరుసటి వారం ఒక పుస్తకం ఇంగ్లీషు అనువాదం తెచ్చిచ్చింది. విబ్కె బ్రూన్స్ రాసిన 'మా నాన్న దేశం'. జర్మన్‌లో 2004లో వచ్చింది.

బ్రూన్స్ పెద్ద జర్నలిస్టు. పశ్చిమ జర్మనీ టీవీలో రాత్రి వార్తలు చదివిన మొదటి మహిళ. ఆమె 1938లో హాల్బర్‌స్టాట్ అనే ఊర్లో పుట్టింది. తండ్రి హాన్స్ గేయోర్గ్ క్లామ్‌రోట్ సైన్యంలో అధికారి. 1944 జులై 20న హిట్లర్‌ను చంపాలని సైనికాధికారులు చేసిన ప్రయత్నం గురించి ఆయనకు ముందే తెలుసు, పై వాళ్ళకు చెప్పలేదు. అందుకు ఆగస్టు 26న బెర్లిన్ ప్లోట్జెన్‌జే జైల్లో ఉరి తీశారు. బిడ్డకు ఆరేండ్లు కూడా నిండలేదు. తల్లి ఆయన గురించి పెద్దగా మాట్లాడలేదు. 1979లో, నలభై ఏండ్ల వయసులో, టీవీలో ఒక డాక్యుమెంటరీ చూస్తుంటే, కోర్టులో నిలబడ్డ తండ్రి ముఖం కనిపించింది.

ఆ తర్వాత ఆమె ఇంట్లో దాచిన ఉత్తరాలు, డైరీలు, ఫోటోలు అన్నీ చదివింది. హిట్లర్ చంపించిన తండ్రి, అంటే మంచి తండ్రి, అని ఆగిపోతే సులువుగా ఉండేది. కానీ ఆయన 1933లోనే నాజీ పార్టీలో చేరినట్టు, ఎస్‌ఎస్‌లో కూడా ఉన్నట్టు తేలింది. అదంతా దాచకుండా పుస్తకంలో పెట్టింది. అట్లని ఆయన ఉరిని కూడా చిన్నది చెయ్యలేదు.

ఇక్కడ ఒక మాట స్పష్టంగా చెప్పాలె. హైదరాబాద్, జర్మనీ ఒక్కటి కాదు. నాజీ రాజ్యం అరవై లక్షల యూదులను పద్ధతి ప్రకారం చంపింది. అటువంటి దాని పక్కన దేన్నీ తేలికగా పెట్టకూడదు. నేను తెచ్చుకున్నది చరిత్రల పోలిక కాదు. ఇంట్లో కూసొని తండ్రిని, తాతను ఎట్ల అడగాలనే సంగతి మాత్రమే.

అక్కడ కూడా అది వెంటనే రాలేదు. యుద్ధం అయిపోయిన ఇరవై ఏండ్ల దాకా ఇండ్లల్లో మౌనమే. ఎవరింట్లో చూసినా పోయినోళ్ళ ఫోటోలు, కూలిన ఇండ్ల కథలు, మనమెంత కష్టపడ్డమో అనే మాటలు. మనం ఏం చేసినం అనే మాట లేదు. 1963 నుంచి 65 దాకా ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఆష్విట్జ్ కేసు విచారణ జరిగినంక, ఆ పిల్లలు పెద్దయినంక, అడుగుడు మొదలైంది.

1985 మే 8న, యుద్ధం ముగిసి నలభై ఏండ్లైన రోజు, పశ్చిమ జర్మనీ అధ్యక్షుడు రిషార్డ్ ఫాన్ వైట్సెకర్ పార్లమెంటులో ప్రసంగించాడు. ఆ రోజును ఓటమి దినం అనాల్నా, విముక్తి దినం అనాల్నా అని అప్పటి దాకా జర్మన్లు కొట్లాడుకున్నారు. ఆయన విముక్తి దినం అన్నాడు. కానీ ఆ రోజు చాలామంది జర్మన్లకు కష్టాలు మొదలైనయని కూడా అదే నోటితో చెప్పాడు. ఈ మాట చెప్పినాయన తండ్రి హిట్లర్ కాలంలో విదేశాంగ శాఖలో పెద్ద అధికారి. యుద్ధం తర్వాత న్యూరెంబర్గ్‌లో ఆయన మీద కేసు నడిస్తే, లా చదువుతున్న ఈ కొడుకే తండ్రి తరఫు వకీళ్ళకు సాయం చేశాడు. అంటే ఆయనకు కూడా ఇంట్లో ఒక ముచ్చట ఉన్నది.

ఒక తారీఖు, నాలుగు పేర్లు

మన సెప్టెంబర్ 17 సంగతి చూడండి. కొందరికి విమోచన దినం, కొందరికి విలీన దినం. 2022లో కేంద్ర ప్రభుత్వం హైదరాబాద్ విమోచన దినం చేస్తే, అదే రోజు రాష్ట్ర ప్రభుత్వం జాతీయ సమైక్యతా దినోత్సవం చేసింది. 2024లో కొత్త రాష్ట్ర ప్రభుత్వం ప్రజా పాలన దినోత్సవం అన్నది. ప్రతి ఏడు వాట్సాప్ గ్రూపుల్లో కొట్లాట అయితది. ఒకరు బైరాన్‌పల్లి ఫోటో పెడుతరు, ఇంకొకరు సుందర్‌లాల్ నివేదిక పెడుతరు. ఒకరు పెట్టింది ఇంకొకరు చదవరు.

మా ఇంట్లో మాత్రం ఆ రెండూ ఒక్క మనిషి మీదనే ఉన్నయి. మా దాదా ఇండ్లు చూపించిండు, ఒక సాలాయన చెయ్యి విరిగింది. మా దాదాను ఏ కోర్టూ, ఏ విచారణా లేకుండా బావిలో వేసి చంపిన్రు, ఆయనతో పాటు ఏ తప్పూ చెయ్యని ఎందరినో చంపిన్రు. మొదటిది చెప్తే రెండోది న్యాయమైపోదు. రెండోది చెప్తే మొదటిది కడిగినట్టు కాదు. రెండూ ఒక్క ఊపిరిలో చెప్పడం నాకు రావాలె. అదే నేర్చుకుంటున్న.

మా తమ్ముడు జహీరాబాద్‌లో దుకాణం నడుపుతడు. ఇదంతా చెప్తే నా మీద కోపం చేసిండు. "ఊర్లో బతకాల్సింది నేను అక్కా. ఒకడు మీ తాత రజాకారని ఎత్తిపొడుస్తడు, ఇంకొకడు మనోళ్ళ పరువు తీసిన్రంటడు. ఇన్నేండ్లకు ఎందుకు తవ్వుతున్నవ్?" అన్నడు. వాని మాటలో న్యాయం ఉన్నది. అందుకే ఊరి పేరు, మనుషుల పేర్లు ఎపిసోడ్‌లో పెట్టలే, ఇక్కడ కూడా పెట్టలే. కానీ వానికి ఒక్కటే చెప్పిన. మనం తవ్వకపోయినా అది మన మీద పనిచేస్తనే ఉన్నది. అబ్బా ఆర్టీసీ నౌకరి ఎందుకు పోయింది? నువ్వు, నేను నాయన లేని ఇంట్లో ఎందుకు పెరిగినం? దాదీ నోరు విప్పి ఉంటే అబ్బా ఊర్లోనే ఉండేటోడేమో. ఉండకపోయేటోడేమో కూడా. కనీసం ఎందుకు పోతున్నడో తెలిసి పోయేటోడు.

మీరు అడగాల్సినవి

మనం ఇక్కడ నెలకు నాలుగు సార్లు ఇంటికి ఫోన్ చేస్తం. పైసలు అందినయా, మందులు వేసుకున్నవా, వానలు పడ్డయా. ఒక్కసారి ఇంకో ముచ్చట కూడా అడగండి. 1948లో పదేండ్లు ఉన్నోళ్ళకు ఇప్పుడు ఎనభై ఐదు దాటినయి. వాళ్ళతోటే ఈ ముచ్చట పోతది.

"అప్పుడేమైంది?" అని అడిగితే చెప్పరు. నేను జుబైల్‌లో నేర్చుకున్నది ఇది: చిన్నవి అడగాలె. అప్పుడు మన పక్కింట్లో ఎవరుండె? ఎవరు ఊరిడిసి పోయిన్రు, ఎవరు తిరిగొచ్చిన్రు? ఏ బావి నీళ్ళు తాగడం మానేసిన్రు? ఎవరింట్లో దాక్కున్నరు, ఎవరిని దాచిన్రు? ఎవరికి పండుగకు తినబండారం పంపుతరు, ఎందుకు? సంఘపోళ్ళు వచ్చినా, రజాకార్లు వచ్చినా, ఫౌజు వచ్చినా, ఎవరు అన్నం పెట్టిన్రు? ఫోన్‌లో రికార్డ్ పెట్టి, పెట్టినట్టు వాళ్ళకు చెప్పి అడగండి. ఏడిస్తే ఆపండి. మన దిక్కు తప్పు ఉన్న మాట వస్తే మాత్రం మధ్యలో అడ్డం పడకండి. నేను అడ్డం పడబోయిన, తాత "చెప్పనియ్యి" అన్నడు గనుక మిగిలింది విన్న.

జుబైల్ తాత విజిట్ అయిపోయి ఊరికి పోయిండు. ఆ రంజాన్‌కు నేను తమ్మునికి ఫోన్ చేసి, దాదీ డబ్బా ఎక్కడున్నదో వెతకమన్న. అటక మీద దొరికింది. కోపం తగ్గలేదు గానీ, అమ్మ చేసిన సేమ్యాలు నింపుకొని బండి మీద పోయిండు. రాత్రి ఫోన్ చేసిండు.

"ఇచ్చిన. తాత ఏమీ అనలే. ఆ చెరుకు చేను ఏదో చూపించమంటే చూపించిండు. గట్టు మీద నిలబడి దువా చేసిన. వచ్చేటప్పుడు వాళ్ళ కోడలు డబ్బా కడిగి, ఖాళీ డబ్బా ఇయ్యొద్దని బెల్లం ముక్క పెట్టిచ్చింది."

"ఏ దిక్కున్నదిరా ఆ చేను?" అని అడిగిన.

"ఊరికి పడమర" అన్నడు. 

అబ్బాకు దొరకని దిక్కు ఇప్పుడు నాకు తెలుసు. ఈ శుక్రవారం నసీం గేటు బయట కారులో కూసొని ఆయనకు చెప్పిన.

మీ ఇండ్లల్లో ముచ్చట్లు ఉంటే వాయిస్ మెసేజ్ పెట్టండి. పేర్లు వద్దంటే తీసేస్తం. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. డ్యూటీలో భద్రంగా ఉండండి, ఎండలో నీళ్ళు తాగుతుండండి.